బొత్తాం తప్పింది

ఆ షాపులో ఒకటే చట్టం. కస్టమర్ బట్ట మన ఒంటి మీదికి రాకూడదు.

"చేతిలో ఉండొచ్చు, హ్యాంగర్‌కి ఉండొచ్చు. భుజం మీద మాత్రం ఉండకూడదు" అంటాడు నాన్న. డ్రైక్లీనింగ్ షాపు తెరిచిన రోజు నుంచీ ఆయన ఈ మాట మీదే ఉన్నాడు. పెళ్ళి సూటు కానీ, మోచేతులు అరిగిన స్వెటర్ కానీ, సరదాకి ఒక్కసారి తొడుక్కుని అద్దంలో చూసుకున్నవాడికి మర్నాడు అక్కడ పనుండదు.

పిచ్చుక వీడియోలు ఆ చట్టం పుణ్యమే.

పిచ్చుక ఆయన కూతురు. అసలు పేరు డిగ్రీ సర్టిఫికెట్ మీద భద్రంగా ఉంది. చిన్నప్పుడు క్షణం నోరు మూసుకోని పిల్లకి మేనత్త పెట్టిన పేరే ఇంట్లోనూ షాపులోనూ స్థిరపడిపోయింది. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. నటించాలని కోరిక పుట్టిన మొదటి మనిషి కూడా ఆమే కావడం ఇంట్లో వాళ్ళకి కొంచెం ఇబ్బందిగా ఉంది. సినిమా ఆఫీసులకి ఫొటోలు పంపింది. ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు.

షాపు వెనక గదిలో ఉతికిన బట్టలు తగిలించే పొడవాటి రాడ్డు ఉంది. స్విచ్ నొక్కితే గొలుసు కదిలి బట్టలన్నీ ఒకదాని వెనక ఒకటి గదంతా చుట్టివస్తాయి. దాన్ని అందరూ రాట్నం అంటారు. ఒకరోజు పిచ్చుక దాని వెనక చిక్కుపడ్డ హ్యాంగర్లు విడదీస్తుంటే ఒక నల్ల కోటు వచ్చి సరిగ్గా ఆమె ముందు ఆగింది. కాలర్ గడ్డం కిందికి అతికినట్టు కుదిరింది. ఎదురుగా నిలువుటద్దంలో చూస్తే ఎవరో పెద్దమనిషి ఆమె ముఖం అప్పు తెచ్చుకుని నిలబడ్డట్టుంది. పిచ్చుక గొంతు సవరించుకుంది. "ఇక్కడ మేనేజర్ ఎవరమ్మా?" అంది, ముక్కు కింద మీసం ఉన్నట్టు పెదవి బిగించి. గుండీలు కుడుతున్న మేనత్త సూది వేలికి గుచ్చుకునేంతగా నవ్వింది.

అలా మొదలైంది. ఫోను ఒక డబ్బాకి ఆనించి, రాట్నం తిప్పి, ఏ బట్ట ముందు ఆగితే ఆ మనిషైపోవడం. రెయిన్‌కోటు వస్తే వానంటే భయపడే మనిషి, తెల్ల యూనిఫాం వస్తే ఎవర్నీ నమ్మని నర్సు. తొడుక్కోవడం లేదు, వెనక నిలబడటమే. నాన్న చట్టానికి చిన్న చిల్లు కూడా పడలేదు. పేజీకి 'హ్యాంగర్ పిచ్చుక' అని పేరు పెట్టింది. మొదట్లో చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్క, అందులోనూ రెండు వేళ్ళు అమ్మవే. అమ్మ పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని చేస్తుంది. మొదటి ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయి రెండోది తెరిచింది. ప్రతి వీడియో కిందా "చాలా బాగుంది తల్లీ" అని రాస్తుంది, వీడియో చూడకముందే.

తర్వాత ఎలా పాకిందో పాకింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కామెంట్లలో తగువులు పెట్టుకునేదాకా వచ్చింది. "ఆ చెక్స్ కోటు మా బాబాయిదే" అని ఒకరంటే, "మీ బాబాయిది మాసిపోయుంటుంది, ఇది కాదు" అని ఇంకొకరు. షాపుకి కొత్త మనుషులు రావడం మొదలైంది. ఒకాయనైతే శుభ్రంగా ఉన్న కోటు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

"ఇందులో మరకెక్కడుందండీ?" అన్నాడు నాన్న, తిరగేసి చూస్తూ.

"మరక లేదండి. మీ అమ్మాయి వీడియోలోకి వస్తుందేమోనని."

నాన్న ఆ కోటు వైపు, ఆ మనిషి వైపు మార్చి మార్చి చూసి, చివరికి ట్యాగ్ గుచ్చాడు.

అంత మాత్రాన ఆయన మనసు మారలేదు. "చూసి నవ్విన వాళ్ళెవరూ జీతమివ్వరమ్మా" అనేవాడు. ఆయన మాట కాదనలేక పిచ్చుక బీమా ఆఫీసు ఉద్యోగానికి పరీక్ష రాసింది. పాపం, పాసైపోయింది. వచ్చే సోమవారం చేరమని కబురొచ్చింది. ఆరోజు నాన్న కస్టమర్లందరికీ ఆ మాట చెప్పాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశావు కదరా తమ్ముడూ" అంది మేనత్త.

"నువ్వూరుకో అక్కా. డిగ్రీ చదివించింది ఆవిరి పీల్చడానికా? సోమవారం దాకా దాని ఇష్టం. సోమవారం నుంచి ఆఫీసు."

పిచ్చుక సరేనంది. మనస్ఫూర్తిగానే అంది. నాన్న చేతుల మీద ఇస్త్రీపెట్టె చురకలు చూస్తూ పెరిగిన పిల్ల, ఆ చేతులకి ఎదురుచెప్పడం ఆమెకి రాదు. సోమవారంలోగా ఏదైనా జరిగితే జరిగినట్టు, లేకపోతే లేదు. ఆఫీసులో కూర్చుంటే రాట్నం ఉండదు, బట్టలుండవు, మనుషులుండరు.

జరిగింది. గురువారం మధ్యాహ్నం ఒకావిడ లోపలికొచ్చి, ఫోను కౌంటర్ మీద పెట్టి, పిచ్చుక వైపు తిప్పింది. అందులో పిచ్చుకే ఉంది. బూడిదరంగు పొడవాటి కోటు వెనక నిలబడి, ఎదురైన ప్రతివాళ్ళతోనూ ఒక్క పేరూ గుర్తురాకుండానే మాట్లాడేస్తోంది. "ఓహో, మీరా, ఎన్నాళ్ళయింది, ఇంట్లో... ఇంట్లో వాళ్ళందరూ ఉన్నారా?"

"ఈ కోటు మా అక్కది" అంది ఆవిడ.

వెనక ఇస్త్రీబల్ల దగ్గర ఆవిరి చప్పుడు ఆగింది. అంటే నాన్న వింటున్నాడు. "తొడుక్కోలేదండీ, ఒట్టు. వెనక నిలబడ్డానంతే" అంది పిచ్చుక.

"నువ్వు తొడుక్కుంటే నాకేం. మా అక్క అచ్చం ఇలాగే మాట్లాడుతుంది. నా పెళ్ళిలో నా మొగుణ్ణే 'మీరెవరి తరఫు' అని అడిగింది. ఇంటిల్లిపాదీ ఈ వీడియో చూసి దొర్లి దొర్లి నవ్వారు." ఆవిడ కౌంటర్ మీదికి వంగింది. "నాది సినిమాలకి నటుల్ని వెతికిపెట్టే పని. ఒక సినిమాలో చెల్లెలి పాత్రకి పిల్ల దొరకడం లేదు. అనుకున్న అమ్మాయి నిన్న తప్పుకుంది. సోమవారం షూటింగ్ మొదలు. నీకొక సీను పంపిస్తాను, రేపు సాయంత్రంలోగా తీసి పంపు. కోటూ గీటూ వద్దు. నువ్వొక్కదానివే, నిలువునా, ఖాళీ గోడ ముందు."

ఆవిడ వెళ్ళిపోయాక పిచ్చుక అరవలేదు, గంతెయ్యలేదు. కౌంటర్ కింద కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది. మేనత్త వంగి చూసింది.

"ఏమే కోడలా, కింద ఏమన్నా పడిందా?"

"నేనే పడ్డానత్తా."

సీను చిన్నదే. చెల్లెలు పనికోసం వేరే ఊరు వెళ్తానంటుంది. అన్నకి ఇష్టం లేదు. "గడప దాటితే మళ్ళీ ఈ ఇంటికి రావద్దు" అంటాడు. "రాను" అంటుంది చెల్లెలు. "నువ్వు మాకు లేవనుకుంటాం" అంటాడు అన్న. దానికి ఆమె, "నా బట్టలు నేనే సర్దుకుంటాను" అంటుంది. అంతే.

శుక్రవారం ఆవిరి గొట్టం పక్కన గోడకున్న క్యాలెండర్ తీసేసి, అక్కడ నిలబడింది. మేనత్త ఫోను పట్టుకుంది. అన్న మాటలు చదివే పని నాన్నకి పడింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టుకుని, "గడప దాటితే మళ్ళీ ఈ ఇంటికి రావద్దు" అన్నాడు.

"ఒరే, నువ్వు చెప్తే 'ప్యాంటు రేపు సాయంత్రం ఇస్తాం' అన్నట్టుందిరా" అంది మేనత్త.

"మరెలా చెప్పాలి? కూతుర్ని రావద్దని నవ్వుతూ చెప్పమంటావా?"

"చెల్లెలు నాన్నా, కూతురు కాదు" అంది పిచ్చుక.

"ఎవరైతేనేం" అని గొణుక్కుని మళ్ళీ చదివాడు.

పంపించారు. జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. బూడిదరంగు కోటావిడ గొంతు ఫోన్‌లో కొంచెం విసుగ్గా ఉంది.

"ముఖం బంగారంలా ఉంది. చేతులేవమ్మా?"

"చేతులా?"

"నీ ఒంటికి రెండున్నాయి, చూశాను. ఉతికి ఆరేసినట్టు వేలాడుతున్నాయి. భుజాల కింద నువ్వు లేవు. డైరెక్టర్ గారికి ముఖం నచ్చింది కాబట్టి రేపు పొద్దున పదకొండింటికి వీడియో కాల్‌లో స్వయంగా చూస్తానన్నారు. ఒక్కసారే చూస్తారు. చేతులు తెచ్చుకో."

పిచ్చుక తన వీడియోలన్నీ ముందునుంచి చూసుకుంది. కళ్ళు చూసింది, కనుబొమలు చూసింది, మెడ తిప్పడం చూసింది. ఎక్కడా చేయి లేదు. ఉండే వీలే లేదు. కాలర్ పైన ముఖం, కాలర్ కింద ఎవరిదో కోటు. అంతమంది మెచ్చుకున్న నటి మెడ దగ్గరే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదు, ఆమెతో సహా.

ఆ సాయంత్రం షాపులో చూడాలి. పిచ్చుక అద్దం ముందు నిలబడి చేతులు సాధన చేసింది. గుండె మీద పెట్టుకుంది, నుదుటి మీద పెట్టుకుంది, గాల్లో తిప్పింది.

"ట్రాఫిక్ పోలీసులా ఉన్నావే. ఇటు వెళ్ళమంటావా, అటు వెళ్ళమంటావా?" అంది మేనత్త.

"నవ్వకు అత్తా. ఏడుపొస్తోంది."

"ఏడు. ఏడిస్తే కళ్ళు తుడుచుకోవడానికైనా చేతులు లేస్తాయి."

పోస్టాఫీసు నుంచి అమ్మ వచ్చి, సంగతంతా విని, తన చేతులు ఒళ్ళో చూసుకుంది. "నాకు మాత్రం తెలుసా, మాట్లాడేటప్పుడు ఇవేం చేస్తాయో" అంది. నిజమే. తెలుసుకోవాలని చూస్తే చాలు, అవి బిగుసుకుపోతాయి. నలుగురూ ఒకళ్ళ చేతులొకళ్ళు చూసుకుంటూ కాసేపు కూర్చుని, ఎవరికీ ఏమీ తోచక షాపు మూశారు.

శనివారమంటే షాపుకి ఊపిరాడని రోజు. పదకొండుకి ముందే మేనత్త 'కాసేపట్లో తెరుస్తాం' అని అట్టముక్క మీద రాసి తలుపుకి తగిలించింది. నాన్న కాగితం తీసుకుని ఫోను పక్కన, తెరలో కనిపించకుండా నిలబడ్డాడు. ఈసారి మాటలు కంఠతా వచ్చేశాయి, అయినా కాగితం వదల్లేదు. పిచ్చుక గోడ ముందు నిలబడింది. పదకొండయింది, దాటింది. ఫోను మోగలేదు.

"ఖాళీగా నిలబడితే ఇంకా భయమేస్తుంది" అంది మేనత్త, పక్కన కుర్చీ మీదున్న చొక్కా ఆమె మీదికి విసురుతూ. "అది మడతపెట్టు."

అది నాన్న సొంత చొక్కా. ముఖ్యమైన పనులకి మాత్రమే వేసుకునే లేత నీలం చొక్కా. సోమవారం కూతుర్ని బీమా ఆఫీసులో దింపడానికి వెళ్తూ వేసుకుందామని ఉతికి పెట్టుకున్నాడు. పిచ్చుక బల్ల మీద పరిచి కాలర్ నిలబెట్టింది. అంతలో మేనత్త చేతిలో ఫోను మోగింది.

తెర మీద డైరెక్టర్ ముఖం. పలచటి మనిషి, నిద్రలేని కళ్ళు. పక్కన బూడిదరంగు కోటావిడ. "ఆలస్యమైంది, ఏమనుకోకు. మొదలుపెడదామా?" అన్నాడాయన. పిచ్చుక గబుక్కున చొక్కా వదిలేసి గోడకి ఆనుకుంది. వదిలిన వెంటనే చేతులు మళ్ళీ చెక్కలైపోయాయి. ఆమెకి స్పష్టంగా తెలిసింది, భుజం నుంచి కిందికి చల్లగా, బరువుగా. నిమిషం కిందట చొక్కా కాలర్ నిలబెట్టిన చేతులు ఇవేనా అనిపించింది.

"సార్" అంది. "ఈ అమ్మాయి బట్టలు సర్దుకుంటానంటుంది కదండీ. ముందే సర్దుకుంటూ ఉండొచ్చా?"

డైరెక్టర్ భుజాలెగరేశాడు. "నీ ఇష్టం."

ఆమె బల్ల ముందుకొచ్చి చొక్కా మళ్ళీ అందుకుంది. బొత్తాలు పెట్టడం మొదలుపెట్టింది. నాన్న చదివాడు.

"గడప దాటితే మళ్ళీ ఈ ఇంటికి రావద్దు."

నిన్నటి ప్యాంటు గొంతు కాదది. ఆయన మెల్లగా, నేల చూస్తూ అన్నాడు. సోమవారం గుర్తొచ్చిందో ఏమో. పిచ్చుక వేళ్ళు ఒక క్షణం తడబడ్డాయి. ఒక కాజా వదిలేసి, కింద కాజాలోకి బొత్తాం దూర్చేశాయి. ఆమె చూసుకోలేదు.

"రాను" అంది. అంటూనే కింది బొత్తాలు కూడా వరసగా తప్పు కాజాల్లోకి పెట్టుకుంటూ పోయింది. కాలర్ ఒక పక్కకి ఎగిరింది, అంచు ఒక పక్కకి జారింది. చొక్కా మెడ వంకర తిరిగిన మనిషిలా తయారైంది.

ఇప్పుడు నాన్న "నువ్వు మాకు లేవనుకుంటాం" అనాలి. ఆయన కాగితం చూశాడు. చొక్కా చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చొక్కాలతో బతికిన మనిషి.

"బొత్తాం తప్పింది" అన్నాడు.

మేనత్త ఫోను పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకోబోయి ఆగింది. గదిలో ఆవిరి గొట్టం ఒక్కటే బుసకొడుతోంది. పిచ్చుక తలెత్తి ఆయన వైపు చూసింది. చెల్లెలు అన్న వైపు చూసిందో, కూతురు నాన్న వైపు చూసిందో ఆమెకే తెలియదు. తర్వాత చొక్కా వైపు చూసింది. అవును, తప్పింది. ఎప్పుడు తప్పిందో తెలియలేదు.

ఆమె ఆగలేదు, నవ్వలేదు, సారీ చెప్పలేదు. కింద నుంచి ఒక్కొక్క బొత్తాం విప్పుకుంటూ పైకి వచ్చింది. పై నుంచి మళ్ళీ సరిగ్గా పెట్టుకుంటూ కిందికి దిగింది. వేళ్ళకి తొందర లేదు, బెదురు లేదు. అంచులు కలిపింది, కాలర్ కిందికి తట్టింది, చొక్కా చేతులు వెనక్కి మడిచి అరచేత్తో ఒక్కసారి గట్టిగా నిమిరింది, ఎవరి వీపో నిమిరినట్టు. అప్పుడంది:

"నా బట్టలు నేనే సర్దుకుంటాను."

తలుపు గంట మోగింది. అట్టముక్క చదవకుండా లోపలికొచ్చిన ఒకాయన, "నా ప్యాంటు అయిందాండీ?" అన్నాడు. మేనత్త తిరగకుండానే ఎడమ చేయి వెనక్కి చాపి, ఆయన్ని కదలొద్దని అలాగే నిలబెట్టింది.

"అన్న పాత్ర చదివింది ఎవరు?" అన్నాడు డైరెక్టర్ చివరికి.

నాన్న తెరలోకి వచ్చి చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోయిందండి. అమ్మాయి తప్పేం లేదు. బొత్తాం తప్పితే నా నోరు ఊరుకోదు."

"నేను రాసిన మాట అది కాదు."

"కాదండి."

"నేను రాసింది తీసేస్తున్నాను" అన్నాడు డైరెక్టర్. పక్కనున్నావిడ వైపు తిరిగాడు. "అన్న పొమ్మనలేడు, ఉండమనలేడు. బొత్తాం తప్పిందంటాడు. రాసుకో." మళ్ళీ ఇటు తిరిగాడు. ఆ నిద్రలేని కళ్ళలో ఇప్పుడు నిద్ర జాడ లేదు. "అమ్మాయీ, సోమవారం వచ్చెయ్. ఆ చొక్కా తీసుకురా. అదే కావాలి నాకు."

కాల్ ఆగింది. ఆగాక కూడా మేనత్త ఫోను దించలేదు, దించితే కల చెదిరిపోతుందన్నట్టు. ముందు తేరుకున్నది ప్యాంటాయనే. "ఏం జరిగిందండీ?" అన్నాడు. పిచ్చుక పరుగెత్తుకెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "మీ ప్యాంటు అయిందండీ. అన్నీ అయిపోయాయండీ" అంది. తన చేతులు ఏం చేస్తున్నాయో ఆమె చూసుకోలేదు.

ఆయన ప్యాంటు తీసుకుని, సగం అర్థమై సగం కాక, అందరికీ అభినందనలు చెప్పి వెళ్ళాడు. అప్పుడు గుర్తొచ్చింది పిచ్చుకకి. సోమవారం. నాన్న ఇస్త్రీబల్ల దగ్గరికి వెళ్ళి, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు.

"నాన్నా. నువ్వు వద్దంటే..."

"ఎన్నింటికి రమ్మన్నారు?"

బూడిదరంగు కోటావిడకి ఫోన్ చేసి అడిగింది. "పొద్దున ఏడింటికట."

నాన్న ఇటు తిరిగాడు. "ఏడింటికా?" అన్నాడు. ఆయన గొంతులో కొత్త గౌరవం వినిపించింది. "బీమా ఆఫీసు పదింటికి కదూ తెరిచేది?"

"అవును నాన్నా."

"ఏడింటికి మొదలయ్యే పని ఊసుపోక చేసే పని కాదు" అన్నాడు, తనలో తనే తీర్పు చెప్పుకున్నట్టు. "బీమా వాళ్ళకి మర్యాదగా చెప్పు. ఇంకెవరైనా చేరతారు. వాళ్ళని ఎదురుచూపుల్లో పెట్టకు."

"వీడి తర్కం వీడికే తెలియాలి" అని మేనత్త మేనకోడల్ని వాటేసుకుంది. అమ్మకి కబురు చెప్పబోతే ఆమె ఫోన్ ఎత్తలేదు, పనిలో ఉంది. పిచ్చుక ఆగలేకపోయింది. రాట్నం తిప్పలేదు, ఏ కోటూ ముందు పెట్టుకోలేదు. ఫోను డబ్బాకి ఆనించి, తెరలో తన రెండు చేతులు మాత్రమే కనిపించేలా కూర్చుని, చొక్కాకి బొత్తాలు పెట్టి పేజీలో పెట్టింది. ముఖమే లేని వీడియో. వెంటనే కామెంట్ వచ్చింది. "చాలా బాగుంది తల్లీ." ఆ వెనకే, ఈసారి చూశాక రాసిందేమో, ఇంకొకటి: "అది నాన్న చొక్కా కదూ? ఏమైంది? ఫోన్ ఎత్తు."

నాన్న ఆ చొక్కా తీసుకుని ఆవిరి పట్టి, ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టబోతూ ఆగాడు. సొరుగు తెరిచి గులాబీరంగు ట్యాగ్ తీసి, షాపు నంబరు వేసి, కాలర్ లోపల గుచ్చాడు.

"సొంత చొక్కాకి ట్యాగేమిట్రా?" అంది మేనత్త.

"సినిమా వాళ్ళయినా సరే, ట్యాగ్ లేకుండా ఏ బట్టా ఈ షాపు దాటదు. తిరిగి రావద్దూ?"

"మరి పిల్లకో? అదీ దాటుతోందిగా."

నాన్న పొట్లానికి దారం కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసి, కూతురి చేతుల్లో పెట్టాడు.

"దానికెందుకు. అదే వస్తుంది."